అమ్మానాయినలకు వంతులొద్దు

మా వైపు ఊళ్లలో అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పొలం, పశువులు, అప్పులు అన్నీ పంచుకున్నాక ఒక పంపకం మిగిలిపోతుంది. ముసలి తల్లిదండ్రులు ఎవరి దగ్గర ఉండాలన్నది. పెద్దమనుషులు కూర్చుని అదీ తేలుస్తారు. కొన్ని ఇళ్లలో నెలకొక కొడుకు దగ్గర. కొన్ని ఇళ్లలో తల్లి ఒకరి వంతు, తండ్రి ఇంకొకరి వంతు. యాభై ఏళ్లు ఒక్క కప్పు కింద బతికిన ఇద్దరు ఆనాటి నుంచి రెండు గడపల్లో అన్నం తింటారు. పంచినవాళ్లకు ఇందులో తప్పేమీ కనిపించదు. బరువు అందరి మీదా సమానంగా పడిందా లేదా అన్నదే వాళ్లు చూసే లెక్క.

ఒకే ఏడాది మా నాయినకూ అమ్మకూ క్యాన్సర్ అని తేలినప్పుడు మా ఇంటికి వచ్చిన మొదటి సలహా కూడా ఇదే. మాది దంతాలపల్లి. వరంగల్–ఖమ్మం రహదారి మీద, తొర్రూరుకూ మరిపెడకూ నడుమ ఉంటుంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు మండల కేంద్రమై మహబూబాబాద్ జిల్లాలో చేరింది. మండలమైనా పెద్ద జబ్బు చేస్తే మాకు దిక్కు హన్మకొండో హైదరాబాదో. ఆ రాత్రి వాకిట్లో కూర్చున్న చుట్టాల్లో ఒక పెద్దాయన ప్రేమగానే అన్నాడు: "నాయినను పెద్దోడు సూసుకోవాలె. అవ్వను చిన్నోడు హన్మకొండ తీస్కపోవాలె. ఇద్దర్ని ఒక్క సంసారం మీద ఏస్తే ఆ సంసారం నిలువది."

ఆ మాటలో చెడ్డ ఉద్దేశం లేదు. పైగా వినడానికి తెలివైన మాటలాగే ఉంది. అందుకే దానికి జవాబు వివరంగా చెప్పాలి. రేపు ఏ ఇంటి వాకిట్లోనైనా ఇదే మాట రావచ్చు.

ముందు జబ్బుల సంగతి. నాయిన వయసులో ఉన్నప్పటి నుంచి బీడీలు తాగేవాడు. పొలం పనిలో ఉంటే తంబాకు దవడన పెట్టుకునేవాడు. దవడ లోపల తెల్లమచ్చ లేచి, అది పుండై, నెలలు గడిచినా మానలేదు. కారం తగిలితే మండుతుందని చప్పిడి కూరలు వండించుకున్నాడే తప్ప ఎవరికీ చూపించుకోలేదు. చివరికి ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాం. 1955లో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో మొదలైన ఆ ఆసుపత్రే ఇప్పటికీ తెలంగాణ పల్లెల పేద రోగులకు పెద్ద దిక్కు. నాయిన వెంట ప్రతిసారీ అమ్మ వచ్చేది. ఫైలు పట్టుకుని వరుసలో నిలబడేది. ఆ తిరుగుళ్ల మధ్యలోనే ఒకరోజు అక్క కంట్లో అమ్మ రొమ్ములోని గడ్డ పడింది. అది ఏడాదిగా ఉందట. "నొప్పి లేకుండె బిడ్డా. నాయినది ఒడ్డెక్కినంక సూపిచ్చుకుందామనుకున్న" అంది.

రొమ్ములో గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదని ఊరుకోవడంలోనే ఏళ్లు గడిచిపోతాయి. అందులోనూ రోగి వెంట తిరిగే మనిషి తన ఒంటి సంగతి వాయిదా వేసుకోవడం మన ఇళ్లలో మరీ మామూలు. 30 ఏళ్లు దాటిన వాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు చోట్లా క్యాన్సర్ లక్షణాలు ఉన్నాయేమో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చూసే కార్యక్రమం ఉంది. 2023 మార్చి 8న తెలంగాణలో 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లు మొదలుపెట్టి, మంగళవారాలను ఆడవాళ్ల పరీక్షల కోసమే కేటాయించారు. మా ఇంటికి వచ్చినవి ఆ మూడింట్లో రెండు. రెండూ కంటికి, చేతికి దొరికే జబ్బులే.

ఒకే ఇంట్లో ఇద్దరికి అనేసరికి ఊళ్లో మాటలు లేచాయి. ఇంటి ఈశాన్యం చెడిందన్నారు. ఎవరో ఏదో చేశారన్నారు. ఒకరిది ఒకరికి అంటిందేమో, గ్లాసులు వేరు పెట్టమన్నారు. క్యాన్సర్ అంటుకునే రోగం కాదు. కలిసి తిన్నా, ఒక్క మంచం మీద పడుకున్నా, పుండు కడిగినా రాదు. మన దేశంలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ రావచ్చని భారత వైద్య పరిశోధన మండలి రిజిస్ట్రీల అంచనా. ఆ లెక్కను జంటలకు వేసి చూస్తే, ఒకరి జబ్బుకూ ఇంకొకరి జబ్బుకూ ఏ సంబంధమూ లేకుండానే సుమారు 80 జంటల్లో ఒక జంటలో ఇద్దరికీ రావచ్చు. ఒకే ఏడాదిలో రావడం అంతకంటే అరుదే. అయినా మనుషుల ఆయుష్షు పెరుగుతున్న కొద్దీ ఇలాంటి ఇళ్లు కూడా పెరుగుతాయి. నాయినది పొగాకు తెచ్చిన జబ్బు. అమ్మది ఆడవాళ్లకు వయసు పైబడుతున్న కొద్దీ ఎక్కువగా వచ్చే జబ్బు. ఇంటి మూలకూ దీనికీ సంబంధం లేదు. ఈ మాట అమ్మకు డాక్టరమ్మ నోటితోనే చెప్పించాం. తన పాపమే ఇంటిని చుట్టుకుందని లోలోపల కుమిలిపోతున్న మనిషి ఆ పూట కడుపు నిండా తింది.

ఇక అసలు విషయం. పెద్దవాళ్లను పిల్లలు చూసుకుంటున్నారని మనం అంటుంటాం గానీ, అరవై డెబ్బై దాటిన దంపతులను చూసుకునేది చాలావరకు వాళ్లిద్దరే. నాయిన బీపీ గోలీ వేసుకున్నాడా లేదా అమ్మకు తెలుసు. అమ్మ మోకాళ్లకు రాత్రి ఏ మందు రాయాలో నాయినకు తెలుసు. ఆయనకు చెవులు సరిగా వినపడవు, ఫోనులో ఎవరేమన్నారో ఆమె చెప్పాలి. ఆమెకు చదువు రాదు, బస్సు బోర్డు ఆయన చదవాలి. ఒకరికి జబ్బు చేస్తే రెండో మనిషి మీద ఇల్లు నడుస్తుంది. ఇద్దరికీ చేస్తే, పిల్లల కంట పడకుండా ఇన్నేళ్లూ నడిచిన ఆ ఏర్పాటు మొత్తం కుంటుపడుతుంది. అలాంటప్పుడు వాళ్లను చెరో ఇంటికి పంపితే మిగిలిన కాస్త ఆసరా కూడా మనమే తీసేసినట్టు.

ఇద్దరికీ జబ్బు చేసిన ఇంట్లో ఇంకో కష్టం ఉంటుంది. ఒకరి కోసం ఒకరు తప్పుకోవాలని చూస్తారు. "నాకేం గాదు, మీ అమ్మను సూడుండ్రి" అని నాయిన. "నాది తర్వాత సూసుకోవచ్చు, ముందు మీ నాయినకు కానియ్యిండ్రి" అని అమ్మ. ఒకసారి నాయిన ఆరోగ్యశ్రీ లెక్క తీశాడు. "ఒక్క కార్డుకు ఒక్కటే లెక్కట గదా. అంత నా మీదనే అయిపోతే మీ అమ్మకేం మిగుల్తది?" ఆయన ప్రశ్న సరైనదే. ఆరోగ్యశ్రీ పరిమితి మనిషికి ఇంత అని ఉండదు, ఇంటికి ఇంత అని ఉంటుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆ పరిమితి ఏడాదికి కుటుంబానికి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు వేర్వేరు ప్యాకేజీలు, వేర్వేరు అనుమతులు ఉంటాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని ఇద్దరి ప్యాకేజీలూ ఒక కాగితం మీద రాయించుకుని నాయినకు చదివి వినిపించాం. రెండూ కలిపినా పరిమితి దాటడం లేదని తెలిశాకే ఆయన రేడియేషన్‌కు ఒప్పుకున్నాడు. డబ్బు సంగతి పెద్దవాళ్లకు చెప్పొద్దని చాలామంది అంటారు. చెప్పకపోతే వాళ్లే మనసులో ఒక లెక్క వేసుకుని, ఆ లెక్కలో తమ ప్రాణాన్ని కొట్టేసుకుంటారు.

ఎవరికి ముందు చేయించాలన్న ప్రశ్న ఇంట్లో వేసుకోకూడదు. అది డాక్టర్లు తేల్చాల్సింది. ఇద్దరి చికిత్సల తేదీలూ ఒకే కాగితం మీద పెట్టి చూస్తే భయపడ్డంత చిక్కు ఉండదని మాకు అర్థమైంది. నాయినకు దవడ ఆపరేషన్ తర్వాత రేడియేషన్. అది సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, ఆరు వారాల పాటు. మధ్యలో మానకూడదు. అమ్మకు ముందు కీమో, ఆ తర్వాత ఆపరేషన్. కీమో 21 రోజులకొకసారి. ఆయనకు రోజూ ఆసుపత్రికి దగ్గరగా ఉండాలి, ఆమెకు మూడు వారాలకొక రోజు ఉంటే చాలు. అందుకే ఇద్దరినీ ఒకే ఆసుపత్రిలో చేర్పించి, దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నాం.

రేడియేషన్ మొదలు కాకముందు నాయిన ముఖానికి అచ్చు తీశారు. వేడినీళ్లలో మెత్తబడిన చిల్లుల ప్లాస్టిక్ పలకను ముఖం మీద అదిమి పట్టుకుంటే, చల్లారేసరికి ముక్కు, గడ్డం, కళ్లగుంతలు అన్నీ అందులో తేలాయి. రోజూ ఆ ముసుగును బల్లకు బిగించి, తల కదలకుండా చేసి చికిత్స ఇచ్చేవాళ్లు. మూడో వారానికి నోరంతా పూసింది. మాట పోయింది. మంచినీళ్లు మింగడం కూడా నరకమైంది. అప్పటికి అమ్మకు కీమోతో జుట్టంతా రాలి, తలకు తువ్వాల చుట్టుకుని ఉంది. వాసన పడక వాంతులు.

అయినా నాయిన తిండి సంగతి ఆమె ఎవరికీ వదల్లేదు. గదిలో చిన్న గ్యాస్ పొయ్యి మీద జొన్నగట్క కాచేది. దాన్ని మెత్తగా కలిపి, మజ్జిగ పోసి పలుచన చేసి, గిన్నెను చన్నీళ్ల తాంబాళంలో పెట్టి చల్లార్చేది. వేలు ముంచి చూసుకుని అప్పుడు చెంచా అందుకునేది. ఆయన మింగడానికి ఎంతసేపు పట్టినా రెండో చెంచా తొందరపెట్టేది కాదు. సాయంత్రమయ్యేసరికి ఆయన వంతు. కళ్లద్దాలు పెట్టుకుని, అమ్మ చంకలో థర్మామీటరు పెట్టి, గడియారం చూసి తీసి, అంకెను నోటుపుస్తకంలో రాసేవాడు. కీమో ఇచ్చిన తర్వాత వారం నుంచి రెండు వారాల లోపు తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలని నర్సు గట్టిగా చెప్పింది. ఒక రాత్రి 101 చూపించింది. మాట రాని మనిషి లేచి, గిన్నె మీద చెంచాతో కొట్టి మమ్మల్ని లేపాడు. రెండు గంటల్లో అమ్మకు సూదిమందు పడింది. ఇద్దరూ చెరో ఊళ్లో ఉంటే ఆ గిన్నె చప్పుడు ఎవరూ విని ఉండరు.

జబ్బుపడ్డ మనిషికి అందరూ చేసిపెట్టేవాళ్లే అయితే తాను ఎవరికీ పనికిరానన్న బాధ మొదలవుతుంది. ఆ బాధకు గోలీ లేదు. ఒకరికి చేయగల పని ఒకటి చేతిలో ఉంటే మనిషి ఆ పూటను దాటతాడు. అమ్మకు గట్క, నాయినకు థర్మామీటరు అలాంటి పనులే. వాటిని మేం చేయగలిగీ చేయకపోవడమే మేం చేసిన మంచిపని.

అయితే వేరుగా ఉంచక తప్పని రోజులూ ఉంటాయి. ఆపరేషన్ అయ్యాక వార్డులో ఒక్కరికే చోటు. ఒకరికి జలుబు, దగ్గు ఉంటే రెండోవాళ్లకు రక్తకణాలు తగ్గిన రోజుల్లో దూరం పెట్టాల్సిందే. అవి రోజుల లెక్కన ఉండాలి. ఒకరి కబురు ఒకరికి పొద్దూమాపూ అందాలి. దాన్నే శాశ్వత ఏర్పాటుగా మార్చేయకూడదు.

మరి బరువు సంగతేమిటి? పెద్దాయన భయం కూడా నిజమే కదా. ఇద్దరు రోగులను ఒక్క ఇల్లు మోయలేదు. మోయాల్సిన అవసరమూ లేదు. పంచుకోవాల్సింది పనిని. అన్న వ్యవసాయం, డబ్బు సంగతి చూశాడు. నాయిన లేని ఆ ఏడాది నాట్లు ఆగలేదు, మిరప ఎండిపోలేదు. ఖమ్మంలో ఉన్న అక్క అమ్మ కీమో రోజులకు వచ్చేది. స్నానం, పుండ్ల శుభ్రం ఆమె చేతి మీదుగానే. డాక్టర్లతో మాట్లాడటం, కాగితాలు, మందుల పుస్తకం నా పని. డాక్టర్‌తో ఒక్కరే మాట్లాడాలి. నలుగురు నాలుగు సార్లు అడిగితే నాలుగు అర్థాలు ఇంటికి వస్తాయి. ఇద్దరికీ రెండు పుస్తకాలు పెట్టి, అట్టల మీద పెద్దక్షరాలతో పేర్లు రాశాం. ఎందుకంటే ఇద్దరి సంచుల్లోనూ వాంతుల గోలీలు ఒకేలా ఉంటాయి. వదిన మాత్రం ఏ జాబితాకూ అందని పని చేసింది. పిల్లలు, పశువులు, వచ్చీపోయే చుట్టాలు, ఊరి మాటలు, అన్నిటినీ ఒంటిచేత్తో సంబాళించింది. ఇలాంటి ఇళ్లలో కోడలి కష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేను ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇల్లు దాటాక చుట్టాలు, ఊరు. చూసిపోదామని రోజూ పదిమంది బత్తాయిలతో వస్తే రోగికి పండ్లతో పాటు దగ్గూ జలుబూ వస్తాయి. వచ్చినవాళ్లను అరుగు మీదే కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో పని చెప్పాం. ఒకరు రక్తం ఇచ్చారు. ఒకరు తొర్రూరు బస్టాండు దాకా తన బండి మీద దింపేవారు. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మకు, అక్కకు, వదినకు టికెట్ లేదు. రైలెక్కితే క్యాన్సర్ రోగికి ఛార్జీలో రాయితీ ఉంటుంది, వెంట వెళ్లే మనిషికి కూడా ఉంటుంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం ఉంటే చాలు. ఇవి చిన్న విషయాలే. కానీ వచ్చిన ప్రతివాళ్లూ "ధైర్యంగ ఉండు" అనిపోతారు. ఆ ధైర్యం రేపటి బస్సు ఏదో, రేపు వంట ఎవరిదో, రేపు రాత్రి ఎవరు మేలుకోవాలో తెలిసినప్పుడే వస్తుంది. ఏర్పాటు ఉన్న ఇంట్లో ఏడుపు కూడా కాస్త నెమ్మదిగా ఉంటుంది.

ఇంకొకటి, నిజం. చాలా ఇళ్లలో లాగే మా ఇంట్లోనూ ఒకరి జబ్బు తీవ్రత ఇంకొకరికి తెలియనీయొద్దన్న ఆలోచన నడిచింది. నెలల తరబడి ఆ ఆసుపత్రి ఆవరణలో కూర్చున్న మనుషులకు తెలియనిదేముంటుంది? నాయిన తన మందుల పుస్తకం వెనక అట్ట మీద రాసి నాకు చూపించాడు: "మీ అమ్మకు అంత తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలియదు." అమ్మ కూడా అక్కతో అచ్చం ఇదే మాట అంది. మరునాడు డాక్టరమ్మ దగ్గర ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి సంగతీ ఇద్దరికీ చెప్పించాం. ఆ రాత్రి వాళ్లు చాలాసేపు మేలుకుని ఉన్నారు. ఆమె మాట్లాడింది, ఆయన సైగలతో బదులు చెప్పాడు. పొలం, బాకీలు, మనవరాలి పెళ్లి, తాము పోయాక ఏం చేయాలన్నది, అన్నీ వాళ్లే తేల్చుకున్నారు.

చికిత్స ముగిసి ఇద్దరూ ఊరికి వచ్చారు. మరుసటి ఏడాది నాయినకు మెడలో జబ్బు తిరగబెట్టింది. ఇక నయం కాదని, నొప్పి లేకుండా చూడగలమని డాక్టర్లు చెప్పారు. నయం కాని జబ్బులో నొప్పి తగ్గించడం కూడా వైద్యమే అన్న సంగతి మన ఊళ్లకు ఇంకా పూర్తిగా చేరలేదు. తెలంగాణలో 'ఆలన' పేరుతో నడిచే ఉపశమన సేవల బృందాలు మంచం పట్టిన రోగుల ఇళ్లకే వచ్చి పుండ్లు శుభ్రం చేస్తాయి, నొప్పికి మందులు ఇస్తాయి. మార్ఫిన్ అంటే మత్తుమందు, అలవాటు పడతాడు అని భయపడ్డారు చుట్టాలు. డాక్టర్ చెప్పిన మోతాదులో, క్యాన్సర్ నొప్పికి అది వరం. వైద్య అవసరాలకు మార్ఫిన్ సులువుగా అందాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన ఉద్యమం వీధి వీధికీ వాలంటీర్లను తయారు చేసింది. అక్కడ మంచం పట్టిన మనిషిని చూడటం ఒక్క కోడలి పని కాదు, ఆ వాడకట్టు పని. నాయిన మా ఇంట్లోనే, తన మంచం మీదే, పక్కన అమ్మ ఉండగా పోయాడు. అమ్మ ఇప్పటికీ పరీక్షలకు హైదరాబాద్ పోయి వస్తోంది.

పని పంచుకోవడంలో ప్రభుత్వానికీ వాటా ఉంది. క్యాన్సర్‌కు పెద్ద ఆసుపత్రులు లేవని కాదు. ఎన్టీఆర్ భార్య బసవతారకం 1985లో క్యాన్సర్‌తో చనిపోతే, ఆమె పేరు మీద కట్టిన ఆసుపత్రిని 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఒక ఇంటి దుఃఖం వేలమందికి మంచమైంది. కానీ ఎంఎన్‌జే అయినా, బసవతారకం అయినా ఉన్నది హైదరాబాద్‌లోనే. దంతాలపల్లి నుంచి కీమో సీసా ఎక్కించుకోవడానికి అంతదూరం పోవడం ముసలివాళ్లకు జబ్బు మీద జబ్బు. జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మహబూబాబాద్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మొదటి కీమో పెద్ద ఆసుపత్రిలో ఇచ్చి, మిగిలినవి జిల్లాలో ఇచ్చే ఏర్పాటు పూర్తిగా అమలైతే మా లాంటి ఇళ్లకు సగం బరువు దిగుతుంది. దాన్ని అడిగి సాధించుకోవాల్సింది మనమే.

ఇక ఇళ్లకు చెప్పాల్సింది రెండే మాటలు. మీ నాయినను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఫైలు పట్టుకుని వెంట నడిచే అమ్మను కూడా అదే రోజు ఒకసారి పరీక్ష చేయించండి. ఇద్దరికీ జబ్బు అని తేలినా సరే, ఆ రాత్రి వాకిట్లో పెద్దమనుషులు కూర్చున్నప్పుడు డబ్బు పంచుకోండి, ప్రయాణాలు పంచుకోండి, వంట పంచుకోండి, రాత్రి మేలుకోవడం పంచుకోండి. వాళ్లిద్దరినీ మాత్రం పంచుకోకండి.